టొరంటో వారి చీటీ పాట

టొరంటో, కెనడా
సెప్టెంబరు, 2025

బావకి,

ఇక్కడ చలి ఇంకా రాలేదు గానీ హాకీ వచ్చేసింది. హాకీ అనగానే ధ్యాన్‌చంద్‌ని తలుచుకోకు. ఇది మంచుగడ్డ మీద, బూట్ల కింద కత్తులు బిగించుకుని, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్లను తరుముతూ, మధ్యమధ్య ఒకళ్లనొకళ్లు తన్నుకుంటూ ఆడే ఆట. తన్నుకున్నవాళ్లను ఇంటికి పంపరు. చెరో పెట్టెలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, కోపం చల్లారాక మళ్లీ వచ్చి ఆడమంటారు. ఈ ఊరి జట్టు పేరు మేపుల్ లీఫ్స్. ఆ జట్టు లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును చివరిసారి గెలిచింది 1967లో. అప్పటికి లీగులో ఉన్నవే ఆరు జట్లు, కళ్లు మూసుకుని ఆడినా ఆరేళ్లకోసారి వంతు రావలసిన కప్పు. ఇప్పుడు జట్లు 32. ఆనాటి విజేతల్లో ఒకడైన టిమ్ హోర్టన్ పేరుతో వెలసిన కాఫీ కొట్లు దేశమంతా అల్లుకుపోయాయి. కాఫీ కప్పు దొరకని వీధి లేదు, అసలు కప్పు మాత్రం ఈ ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు.

ఈ వేసవిలో మిచ్ మార్నర్ అనే పెద్ద ఆటగాడు ఈ జట్టును వదిలి వేగాస్‌కి వెళ్లిపోయాడు. అతని చోట ఇంకో స్టార్‌ని తేవాలని సగం ఊరు పట్టుబడుతోంది, దానికయ్యే వెల తలుచుకుని మిగతా సగం గుండెలు బాదుకుంటోంది. ఆ వెల డాలర్లలో ఉంటే ఇంత గొడవ లేదు. రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్కులు ఇచ్చుకోవాలి, అంటే ఇంకా మీసం రాని కుర్రాళ్లను ఎంచుకునే హక్కు ఇప్పుడే తాకట్టు పెట్టాలి. చీటీ పాటలో నీ లెక్కకి తెనాలిలో తిరుగులేదు కాబట్టి ఈ వ్యాజ్యం నీ ముందు పెడుతున్నాను. నీకు శ్రమ లేకుండా తీర్పు కూడా నేనే రాసేశాను. చదివి సంతకం పెడితే చాలు.

ముందు ఈ పిక్కు సంగతి. మన ఐపీఎల్‌లో లాగా ఇక్కడ కుర్రాళ్లను వేలం వెయ్యరు. ఏటా వేసవిలో, పద్దెనిమిదో ఏట పడ్డ కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు, రౌండుకి జట్టుకొక వంతు. పోయిన సీజన్లో అట్టడుగున పడ్డవాళ్లకు ముందు వరస, కప్పు గెలిచినవాళ్లకు రౌండులో చిట్టచివరి చోటు. ముందు వరస కోసం కావాలని ఓడిపోతారేమోనని పైన ఒక లాటరీ కూడా తీస్తారు. ఈ వంతునే పిక్కు అంటారు. వంతు రాకముందే, రెండేళ్ల తర్వాతిదైనా మూడేళ్ల తర్వాతిదైనా, దాన్ని ఇంకో జట్టుకి ఇచ్చేసి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. డబ్బు పడేసి స్టార్‌ని కొనెయ్యరాదా అంటావు. కుదరదు. జీతాలకు లీగు గిరి గీసింది. ఈ సీజన్‌కి జట్టు మొత్తానికి 9.55 కోట్ల డాలర్లు. యజమాని కుబేరుడైనా ఆ గిరి దాటకూడదు. బొక్కసం నిండా డబ్బున్నా ఖర్చు పెట్టుకోలేని ధనవంతుడికి అమ్ముకోవడానికి మిగిలింది భవిష్యత్తే.

ఇది అచ్చం చీటీ వ్యవహారం బావా. లక్ష రూపాయల చీటీని మూడో నెలలోనే డెబ్బై అయిదు వేలకు పాడుకున్నవాణ్ణి చూపించి, వీడు తెలివైనవాడా కాదా అని అడిగితే నువ్వు జవాబు చెప్పవు. రెండు ఎదురు ప్రశ్నలు వేస్తావు. మిగతా వాయిదాలు కట్టే స్తోమత ఉందా? ఎత్తిన డబ్బుతో పొలం కొంటున్నాడా, పెళ్లి విందు పెడుతున్నాడా? నా వాదనంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. పిక్కులిచ్చి స్టార్‌ని తేవచ్చా అని గుండుగుత్తగా అడిగితే దానికి జవాబే లేదు. ఇచ్చేవాడి బలమెంత, వచ్చేవాడు ఉండేది ఎన్నాళ్లు అన్నవి తేలాలి. గట్టి జట్టు, ఏళ్ల తరబడి ఉండే స్టార్ కోసం ఇస్తే మంచి బేరం. బక్క జట్టు ఎవరి కోసం ఇచ్చినా చెడ్డ బేరం. గట్టి జట్టే అయినా మూడు నెలల చుట్టం కోసం ఇస్తే దండగ. ఇక్కడ రేడియోలో, రైళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో గొంతు చించుకునేవాళ్లు ఈ మూడింటినీ ఒకే గాట కట్టేస్తారు. అందుకే ఆ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు.

సాక్ష్యం కోసం ఊరు దాటనక్కర్లేదు. ఫిల్ కెసెల్ అనే ఒకే ఆటగాణ్ణి రెండు జట్లు వేరువేరు సమయాల్లో తెచ్చుకున్నాయి. ఇంత చక్కటి ప్రయోగం సైన్సు ల్యాబులో కూడా కుదరదు. 2009 సెప్టెంబరులో టొరంటో అతన్ని బోస్టన్ నుంచి తెచ్చుకుంది. ఇచ్చింది 2010 మొదటి రౌండు, రెండో రౌండు పిక్కులు, 2011 మొదటి రౌండు పిక్కు. అప్పటికి టొరంటో వరసగా నాలుగు సీజన్లు ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. కెసెల్ వచ్చిన ఏడు 30 జట్లలో 29వ స్థానంలో నిలబడింది. దాంతో బోస్టన్ ఒళ్లో పడింది మొత్తం డ్రాఫ్ట్‌లో రెండో పిక్కు, దానితో టైలర్ సెగిన్‌ని తీసుకున్నారు. మరుసటేడు దక్కినది తొమ్మిదో పిక్కు, దానితో డగీ హామిల్టన్. సెగిన్ కొత్తగా చేరిన సీజన్లోనే, 2011లో, బోస్టన్ కప్పెత్తింది. ఆ తర్వాత కెసెల్ వాళ్ల ఊరికి ఆడడానికి వెళితే ప్రేక్షకులంతా ఒక్క గొంతుతో ‘థాంక్యూ కెసెల్’ అని అరిచేవారు. పాపం అతని తప్పేమీ లేదు. టొరంటోలో ఆడిన ఆరు సీజన్లలో నాలుగింట ముప్ఫై గోల్స్‌కి తగ్గలేదు. అయినా జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది ఒక్కసారే, 2013లో. అక్కడా ఎదురొచ్చింది బోస్టనే. సిరీస్‌ని తేల్చే ఏడో ఆట చివరి పీరియడ్‌లో 4-1తో ముందుండి, 5-4తో ఓడి వచ్చారు. ఈ ఊళ్లో ఆ రాత్రి గురించి మాట్లాడేటప్పుడు జనం ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

ఇక రెండో బేరం. 2015 జూలైలో పిట్స్‌బర్గ్ జట్టు అతన్ని టొరంటో నుంచి తీసుకుంది. ఇచ్చినవాటిలో కాస్పెరి కపానెన్ అనే కుర్రాడు, మరికొందరు, ఒక మొదటి రౌండు పిక్కు ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌లో అప్పటికే క్రాస్బీ, మాల్కిన్ అనే మహానుభావులు ఉన్నారు. కెసెల్ 2016 ప్లేఆఫ్స్‌లో 22 పాయింట్లతో (కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి) వాళ్లందరికంటే ముందు నిలిచాడు. కప్పొచ్చింది. మరుసటేడు మళ్లీ వచ్చింది. కప్పు గెలిచిన జట్టు కాబట్టి వాళ్లిచ్చిన పిక్కు రౌండులో ఆఖరిదైంది, 30వది. మనిషి ఒకడే. అతని కోసం టొరంటో వదులుకున్న మొదటి రౌండు పిక్కులు రెండోది, తొమ్మిదోది. పిట్స్‌బర్గ్ వదులుకున్నది ముప్ఫయ్యోది. పత్రాల మీద మూడింటికీ ‘మొదటి రౌండు’ అనే పేరు, విలువలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. పైగా అమ్మేటప్పుడు అతని జీతంలో ఏటా 12 లక్షల డాలర్లు మేమే భరిస్తామని టొరంటో ఒప్పుకుంది. కాబట్టి అతను పిట్స్‌బర్గ్‌లో రెండుసార్లు కప్పెత్తినప్పుడు ఆ బరువులో కొంత టొరంటో మోసినట్టే లెక్క.

దీనికి ముందే ఈ జట్టుకి ఇలాంటి గుణపాఠం ఒకటుంది. 1989లో టామ్ కర్వర్స్ అనే డిఫెన్సు ఆటగాడి కోసం న్యూజెర్సీకి తన 1991 మొదటి పిక్కు ఇచ్చేసింది. 1990-91లో జట్టు నిలువునా మునిగింది, ఆ పిక్కు కాస్తా మూడోదైంది. న్యూజెర్సీ దానితో తెచ్చుకున్న స్కాట్ నీడర్‌మయర్ వాళ్లకు మూడు కప్పులు గెలిచిపెట్టాడు. కర్వర్స్ మాత్రం అతన్ని ఎంచుకునే వేళకే టొరంటో నుంచి వెళ్లిపోయాడు. బక్క జట్టు బాధ ఇదే. తను పడిపోయిన కొద్దీ తనిచ్చిన పిక్కు విలువ పెరుగుతుంది. అప్పు తీసుకున్నవాడు చితికిన కొద్దీ వడ్డీ పెంచే షావుకారు దగ్గరికి కావాలని వెళ్లినట్టు.

ఇక్కడ నువ్వు అడ్డు తగులుతావు. “తాను బక్కవాడినని ముందే ఎవడికి తెలుస్తుందిరా? అందరూ బలవంతులమనే అనుకుంటారుగా?” నిజమే, ఒట్టావా జట్టు అలాగే అనుకుంది. 2017 వసంతంలో ఆ జట్టు ఫైనల్‌కి ఒక్క గోల్ దూరంలో ఆగిపోయింది. ఆ ఊపులో నవంబరులో కొలరాడో నుంచి మ్యాట్ డుషేన్‌ని తెచ్చుకోవడానికి ఆటగాళ్లతోపాటు ఒక మొదటి రౌండు పిక్కు ఇచ్చింది. షరతు కూడా రాయించుకుంది: 2018 పిక్కు మరీ పైకొస్తే అది ఉంచుకుని 2019ది ఇవ్వచ్చునని. ఆ సీజన్లో జట్టు కుప్పకూలింది. నాలుగో పిక్కు దక్కింది, దాన్ని ఉంచుకుని బ్రేడీ కచుక్‌ని తీసుకున్నారు. బాకీ మరుసటేడుకి జరిగింది. 2018-19లో ఒట్టావా లీగు మొత్తానికి ఆఖరున నిలిచింది. సీజన్ ముగియకముందే డుషేన్‌ని కూడా వేరే జట్టుకి పంపేసింది. పిక్కు కొలరాడోకి వెళ్లింది, మళ్లీ నాలుగోదే. దానితో వచ్చిన బోవెన్ బైరమ్ 2022లో కప్పెత్తాడు. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు రెండు ముక్కలు. ఒక్క వసంతపు ఊపు చూసి బలాన్ని అంచనా కట్టకూడదు. మూడు నాలుగేళ్ల ఫలితాలు, ప్రధాన ఆటగాళ్ల వయసు, వాళ్ల కాంట్రాక్టులు ఎప్పుడు తీరతాయన్నది చూడాలి. రెండోది, రక్షణ షరతు ఒక్క ఏడాదికే రాయించుకుంటే అది బాకీ మాఫీ కాదు, వాయిదా.

ఇంకో అభ్యంతరం పిక్కుల మీద మోజులేని వర్గానిది. వాళ్లనేదేమిటంటే, డ్రాఫ్ట్ ఒట్టి లాటరీ టిక్కెట్టు, దాన్ని కళ్లకద్దుకోవడం ఎందుకు, ఇచ్చి పారేసి మనిషిని తెచ్చుకోండి అని. వాళ్ల దగ్గరా సాక్ష్యాలున్నాయి. ఇందాక చెప్పిన బోస్టనే 2015లో వరసగా 13, 14, 15 పిక్కులు చేతిలో పెట్టుకుని ముగ్గుర్ని తీసుకుంది. ఆ వెంటనే 16, 17, 18 పిక్కుల్లో మిగతా జట్లు తీసుకున్నది తర్వాత స్టార్లయిన మాథ్యూ బార్జల్, కైల్ కానర్, టామస్ షబో. హాకీ తెలిసిన ఏ బోస్టన్ వాసి ముందైనా ఈ మూడు పేర్లు వరసగా చదివి చూడు, నీకు మంచినీళ్లు కూడా ఇవ్వడు. ఎడ్మంటన్ అయితే 2010, 2011, 2012 మూడేళ్లూ మొట్టమొదటి పిక్కే కొట్టింది, అయినా 2017 దాకా ప్లేఆఫ్స్ చూడలేదు. ఆ మూడోవాడు నైల్ యాకుపోవ్ నిలదొక్కుకోలేకపోయాడు. బఫెలో జట్టు రెండుసార్లు మొదటి పిక్కు దక్కించుకుని కూడా 2011 తర్వాత వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్‌కి దూరమై లీగు చరిత్రకెక్కింది. పిక్కులు కూడబెట్టడమే మోక్షమనుకునేవాళ్లకు ఈ రెండు ఊళ్లు తీర్థయాత్రా స్థలాలు.

వాళ్ల సాక్ష్యాన్ని నేను కాదనను, దాన్ని నా పక్షానికే లాక్కుంటాను. లాటరీ అన్నమాట నిజమే, కానీ అన్ని టిక్కెట్లూ ఒకటి కాదు. పిట్స్‌బర్గ్‌కి క్రాస్బీ, షికాగోకి పాట్రిక్ కేన్, ఎడ్మంటన్‌కి మెక్‌డేవిడ్ దొరికింది మొట్టమొదటి పిక్కుతో. అలాంటివాళ్లు ట్రేడుల్లో దొరకడం చాలా అరుదు. పదిహేను దాటాక గురి తప్పడం మామూలే, ఇరవై అయిదు దాటితే అదృష్టం పాలు ఇంకా ఎక్కువ. అంటే బక్క జట్టు చేతిలో ఉన్నది బంగారం, గట్టి జట్టు చేతిలో ఉన్నది లాటరీ టిక్కెట్టు. లాటరీ టిక్కెట్టిచ్చి నికరమైన మనిషిని తెచ్చుకోవడం వివేకం, బంగారమిచ్చి తెచ్చుకోవడం అవివేకం. ఒకే సాక్ష్యం రెండు జట్లకు రెండు తీర్పులు చెబుతోంది.

ఇక రెండో ప్రశ్న, వచ్చేవాడు ఎన్నాళ్లుంటాడు. దీనికి ఫ్లోరిడాని మించిన పాఠశాల లేదు. 2022 మార్చిలో ఆ జట్టు లీగులో మంచి జోరు మీద ఉంది. ఆ ఊపులో సీజన్ చివర కాంట్రాక్టు తీరిపోయే ఇద్దర్ని, బెన్ షియరో, క్లోడ్ జిరూలను, చెరో మొదటి రౌండు పిక్కు ఇచ్చి తెచ్చింది. ప్లేఆఫ్స్ రెండో రౌండు సిరీస్‌లో టాంపా చేతిలో 4-0తో చాప చుట్టేసింది. ఆ వేసవికే ఇద్దరూ సంచులు సర్దుకుని చెరో ఊరికి వెళ్లిపోయారు. ఇలాంటివాళ్లను ఇక్కడ ‘రెంటల్’ అంటారు, అద్దెకొచ్చినవాడని. అదే ఫ్లోరిడా అంతకు ముందేడు, 2021లో, సామ్ రైన్‌హార్ట్ కోసం డెవన్ లీవై అనే కుర్ర గోలీనీ ఒక మొదటి పిక్కునీ ఇచ్చింది. ఆ పిక్కు 28వదిగా తేలింది. రైన్‌హార్ట్‌ని మూడేళ్ల కాంట్రాక్టు మీద కూర్చోబెట్టింది. 2022 వేసవిలో మాథ్యూ కచుక్‌ని తెచ్చి ఎనిమిదేళ్లకు కట్టేసింది, అందుకు తన జట్టులో వంద పాయింట్లు దాటిన హ్యూబర్డోనే వదులుకుంది. 2024 ఫైనల్ ఏడో ఆటలో గెలుపు గోల్ కొట్టినవాడు రైన్‌హార్టే. 2025లో మళ్లీ కప్పు. రెండుసార్లూ ఎదురుగా ఓడి నిలబడ్డది మెక్‌డేవిడ్, మొదటి పిక్కుల పుట్టినిల్లు ఎడ్మంటన్. విచిత్రమేమిటంటే, అద్దె ఆటగాళ్ల కోసం ఫ్లోరిడా చేసిన దండగ కూడా దాన్ని ముంచలేదు. తర్వాతి రెండేళ్లూ జట్టు ఫైనల్‌కి వెళ్లడంతో ఆ పిక్కులు 31వదిగా ఒకటి, 32వదిగా ఒకటి ముగిశాయి. స్తోమత ఉన్నవాడి పొరపాటుకి కూడా ధర తక్కువే.

మరి అద్దెకొచ్చినవాళ్లతో కప్పు గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. లాస్ ఏంజలెస్ 2014లో మారియన్ గాబొరిక్‌ని అలాగే తెచ్చుకుంది, అతను ఆ ప్లేఆఫ్స్‌లో 14 గోల్స్ కొట్టాడు. కానీ అతని కోసం మొదటి రౌండు పిక్కు ఇవ్వలేదు, ఒక ఆటగాణ్ణీ కింది రౌండ్ల పిక్కులనీ ఇస్తే పనైపోయింది. ఫ్లోరిడా 2025లో బ్రాడ్ మార్షాండ్‌ని రెండో రౌండు పిక్కుకే తెచ్చింది; జట్టు ప్లేఆఫ్స్‌లో రెండు రౌండ్లు గెలిస్తేనే అది మొదటి రౌండుగా మారాలని రాసుకుంది. గెలిచారు, సంతోషంగా బాకీ పెంచుకున్నారు. టాంపా 2020లో కోల్‌మన్, గుడ్రో అనే ఇద్దరి కోసం చెరో మొదటి పిక్కు పెట్టినప్పుడు పిచ్చిపని అన్నవాళ్లున్నారు. కానీ ఆ ఇద్దరికీ మరుసటి సీజన్ దాకా తక్కువ జీతానికి కాంట్రాక్టు ఉంది. 2020లో ఒకటి, 2021లో ఒకటి, రెండు కప్పులకు పనికొచ్చారు. టొరంటో చేసిందేమిటో చూడు. 2021లో నిక్ ఫొలీనో కోసం మొదటి పిక్కు. మాంట్రియల్ మీద 3-1తో ముందుండి సిరీస్ పోగొట్టుకున్నారు, అతను బోస్టన్‌కి వెళ్లిపోయాడు. 2023లో ర్యాన్ ఓ’రైలీ కోసం మళ్లీ మొదటి పిక్కు. 2004 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌లో ఒక రౌండు గెలిచారు, ఊరు దీపావళి చేసుకుంది. రెండో రౌండులో ఫ్లోరిడా దులిపేసింది, అతను నాష్‌విల్‌కి వెళ్లిపోయాడు. కాబట్టి ఈ ఊరి జబ్బు పిక్కులు అమ్మడం కాదు. బక్కగా ఉన్న రోజుల్లో స్టార్ కోసం అమ్మింది, బలం వచ్చాక అద్దె కోసం అమ్మింది. వైద్యం సరైనదే, రోగాలు తారుమారయ్యాయి.

అభిమానుల మాటకీ జవాబు చెప్పాలి. “1967 నుంచి ఎదురుచూస్తున్నాం, మేము పోయాక పుట్టే ఆటగాళ్ల కోసం దాచుకోవాలా?” అంటారు. వాళ్లతో తర్కించడానికి నోరు రాదు. అయినా ఒక్క మాట. స్టార్ వచ్చినంత మాత్రాన కప్పు రాదు. 1988 ఆగస్టులో వేన్ గ్రెట్స్కీనే, ఈ ఆటకి దేవుడినే, ఎడ్మంటన్ అమ్మేసింది. పార్లమెంటు సభ్యుడు నెల్సన్ రీస్ ప్రభుత్వం అడ్డుపడాలని డిమాండు చేసేదాకా వెళ్లింది వ్యవహారం. లాస్ ఏంజలెస్ ఇద్దరు ఆటగాళ్లతోపాటు మూడు మొదటి పిక్కులు, కోటీ యాభై లక్షల డాలర్లు ఇచ్చుకుంది. ఆ పిక్కుల వల్ల ఎడ్మంటన్‌కి పెద్దగా ఒరిగిందేమీ లేదు, వాటిలో ఒకటిగా వచ్చిన కుర్రాడు ఈ లీగులో ఆడింది రెండే ఆటలు. అయినా 1990లో ఎడ్మంటన్ గ్రెట్స్కీ లేకుండానే కప్పు గెలిచింది. గ్రెట్స్కీ ఉన్న లాస్ ఏంజలెస్ 1993లో ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. చుట్టూ జట్టు ఉన్నచోట స్టార్ తోడవుతాడు, లేనిచోట పోస్టరవుతాడు. కాబట్టి తొందరపడే అభిమాని చెయ్యాల్సిన డిమాండు స్టార్ కావాలని కాదు, స్టార్‌కి తగిన జట్టు ముందు కావాలని.

ఇంకొక చిక్కుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. చీటీ పాడేవాడు ఒకడు, వాయిదాలు కట్టేవాడు ఇంకొకడు. జనరల్ మేనేజర్ ఉద్యోగం మూడు నాలుగేళ్ల ముచ్చట, పిక్కు బాకీ తీరేసరికి కుర్చీలో కొత్తవాడుంటాడు. కెసెల్ బేరం కుదిర్చిన బ్రయన్ బర్క్‌ని 2013 జనవరిలోనే సాగనంపారు. అందువల్ల మేనేజర్ ఎప్పుడూ కొంచెం ఎక్కువే పాడతాడు, అది మనిషి దుర్మార్గం కాదు, ఉద్యోగ ధర్మం. దానికి విరుగుడు యజమాని చేతిలో ఉంది. రెండేళ్లకి మించిన భవిష్యత్తు అమ్మాలంటే తన సంతకం కావాలని పట్టుబట్టాలి.

ఇప్పుడు తీర్పు. టొరంటో పోయిన సీజన్లో 108 పాయింట్లతో తన డివిజన్లో మొదట నిలిచింది, కాబట్టి బక్క జట్టు కాదు. ప్లేఆఫ్స్‌లో ఏడో ఆటలో ఫ్లోరిడా చేతిలో 6-1తో చిత్తయింది, కాబట్టి సంపూర్ణమైన జట్టూ కాదు. మార్నర్ ఒక్కడే పోయిన సీజన్లో 102 పాయింట్లు (ఇవి గోల్స్ లెక్క పాయింట్లు, జట్టు పాయింట్లు కావు) చేశాడు, అతను లేని బలమెంతో సెప్టెంబరులో తేలదు. మొదటి రౌండు పిక్కుల పెట్టె ఇప్పటికే ఖాళీ. 2025ది షికాగోకి పోయింది, 2026ది బోస్టన్‌కి, 2027ది ఫిలడెల్ఫియాకి రాసిచ్చారు. ఆ చివరి రెండు మార్చిలో కార్లో, లాటన్ అనే ఇద్దరి కోసం వెళ్లాయి. ఇద్దరికీ కాంట్రాక్టు మిగిలే ఉంది, పిక్కులకు రక్షణ షరతులూ ఉన్నాయి. ఈ జట్టు పాఠం సగం నేర్చుకుందనే చెప్పాలి. మిగతా సగమేమిటంటే ఇద్దరూ పనిమంతులే గానీ స్టార్లు కారు. ఇక ఇవ్వగలిగింది 2028 నుంచే. ఆ పిక్కుతో వచ్చే కుర్రాడికి ఇప్పుడు సుమారు పదిహేనేళ్లు, లెక్కల హోంవర్కు చేసుకుంటూ ఉంటాడు.

నా తీర్పు ఇది. ఫిబ్రవరి దాకా పాట పాడకూడదు. మార్చి మొదట్లో ట్రేడుల గడువు ముగిసే లోపు జట్టు డివిజన్లో ముందు వరసలో ఉంటే, కనీసం మూడేళ్ల కాంట్రాక్టు మిగిలిన, ముప్ఫై దాటని స్టార్ కోసం 2028 మొదటి పిక్కు ఇవ్వచ్చు, మొదటి పదిలో పడితే ఇవ్వనక్కర్లేదన్న షరతు మీద, ఆ షరతు మరుసటేటికి కూడా వర్తించేలా. అద్దెకొచ్చేవాడికి రెండో రౌండు దాటకూడదు. ఆ షరతు లేకుండా 2029 పిక్కుని మాత్రం దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వకూడదు. ఎందుకంటే ఈ జట్టుకి వెన్నెముక అయిన ఆస్టన్ మాథ్యూస్ కాంట్రాక్టు 2028 వేసవితో తీరిపోతుంది. అతను వెళ్లిపోతే ఆ తర్వాతి టొరంటో ఏ స్థానంలో ఉంటుందో ఊహించుకుని, అలాంటి జట్టు ఇచ్చే పిక్కు విలువ ఎంతో కెసెల్ లెక్కలో చూసుకో. జట్టు వెనకబడి ఉంటే మటుకు దుకాణం కట్టేసి, ఉన్నవాళ్లలో ఎవరినైనా గట్టి జట్టుకి అమ్మి, వాళ్ల పిక్కులు మనం పుచ్చుకోవాలి. అప్పుడు ఊరంతా తిడుతుంది. తిట్లు తినడానికే మేనేజర్‌కి జీతం.

అక్కకి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు.

ఇట్లు,
నీ బామ్మర్ది

తా.క.: ఇంత తలనొప్పి ఎందుకు, ఐపీఎల్‌లో లాగా వేలం పెట్టుకుంటే ఒక్క పూటలో తేలిపోదా అని అక్క తప్పకుండా అడుగుతుంది. ఒక్క పూటలో తేలిపోతే ఇక్కడ అయిదు నెలల చలికాలం ఇళ్లల్లో కూర్చుని జనం ఏం మాట్లాడుకోవాలో కూడా చెప్పమను.